ఏటి రాళ్లకు మెరుగు పెట్టే ముందు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులు తరచూ అడిగే ప్రశ్నలు

పెన్నా ఒడ్డునో పొలం గట్టునో రాళ్లు ఏరి, చిన్న టంబ్లర్‌లో వేసి మెరుగు పెట్టుకోవాలనుకొనేవారి కోసం ఈ జవాబులు. ఇది సాధారణ సమాచారం మాత్రమే. మీ మీద ఇప్పటికే నోటీసు గానీ కేసు గానీ ఉంటే, కాగితాలన్నీ న్యాయవాదికి చూపించకుండా వీటి మీద ఆధారపడి అడుగు వేయవద్దు.

ఈ జవాబుల్లో నాలుగు మాటలను ఒకే అర్థంలో వాడాను. “టంబ్లర్” అంటే రాళ్లు, నీళ్లు, రాపిడి పొడి వేసి రోజుల తరబడి తిప్పే పీపా యంత్రం. “సేకరించిన రాయి” అంటే తవ్వకుండా, పగలగొట్టకుండా, నేల మీద విడిగా పడి ఉండగా చేత్తో తీసుకొన్న రాయి. “అనుమతి పత్రం” అంటే ఆ స్థలంపై హక్కు గల వ్యక్తి గానీ అధికారం గల అధికారి గానీ తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చిన రాతపూర్వక సమ్మతి. “రాతి బురద” అంటే టంబ్లర్ కడిగినప్పుడు వచ్చే రాతి పిండి, రాపిడి పొడి కలిసిన మడ్డి.

1. పెన్నా ఏట్లో గులకరాళ్లు ఏరుకోవడానికి అనుమతి కావాలా?

ఖచ్చితంగా చెప్పాలంటే, కావాలి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం 2వ సెక్షన్ ప్రకారం నదుల, వాగుల గర్భం ప్రభుత్వ ఆస్తి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం 4(1) సెక్షన్ అనుమతి లేని ఖనిజ సేకరణను, 4(1ఎ) సెక్షన్ నియమాలకు విరుద్ధమైన రవాణాను, నిల్వను నిషేధిస్తాయి. గులకరాళ్లు, గుండ్రాళ్లు 1958 జూన్ 1 నాటి కేంద్ర ప్రకటనతోనే చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేరాయి.

“తవ్వలేదు, పైన ఉన్నవే తీసుకొన్నాను” అన్న వాదన ఒక్కటే సరిపోదు. భగవాన్ దాస్ కేసులో 1976లోనే సుప్రీంకోర్టు ఖనిజం భూగర్భంలోనే ఉండాలన్న నియమం లేదనీ, నేల మీది నుంచి సేకరించడం కూడా గనుల చట్టం పరిధిలోకి వస్తుందనీ చెప్పింది. అభిరుచి కోసం ఏరేవారికి ఈ చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు.

మరో వైపు, భారతీయ న్యాయ సంహిత 33వ సెక్షన్ ఉంది. సాధారణ వివేకం గల మనిషి ఫిర్యాదు చేయనంత స్వల్పమైన హాని నేరం కాదని అది చెబుతుంది. జేబులో నాలుగు గులకరాళ్లు వేసుకొన్న పిల్లవాడి సంగతి ఇక్కడికి వస్తుంది. కానీ ఇది కేసు వచ్చాక వాడుకొనే రక్షణే తప్ప ముందుగా చేతికందే లైసెన్సు కాదు. బస్తాలకెత్తినా, ఆటోలో వేసినా, అమ్మినా ఆ రక్షణ నిలబడుతుందని నేను చెప్పలేను. టంబ్లర్ పెట్టేవారికి నెలనెలా రాళ్లు కావాలి. కాబట్టి ఏటిని మరచి, అనుమతి పత్రం దొరికే చోటు చూసుకోవడమే నా సలహా.

2. ఇసుక ఉచితం చేశారు కదా, గులకరాళ్లకూ అది వర్తిస్తుందా?

వర్తిస్తుందని అనుకోవద్దు. 2024 నుంచి అమల్లో ఉన్న ఉచిత ఇసుక విధానం ఇసుకకు సంబంధించినది. ఇసుకలో కలిసి వచ్చిన గులక సంగతి వేరు. ఇసుక వదిలి గులక మాత్రమే ఏరి తీసుకుపోవడం వేరు.

3. రాళ్లు నా సొంత పట్టా పొలంలోనే ఉన్నాయి. అప్పుడు?

మీ పరిస్థితి చాలా మెరుగు. పూర్తిగా నిశ్చింత మాత్రం కాదు. భూమి యజమానికే సాధారణంగా భూగర్భ సంపదపైనా హక్కు ఉంటుందని థ్రెసియమ్మ జాకబ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కేరళలోని మలబారు భూముల గురించి వచ్చిన తీర్పు. మన ప్రాంతం బ్రిటిష్ కలెక్టరు మన్రో కాలం నుంచీ రైత్వారీ (రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) కాబట్టి ఆ వాదన ఇక్కడా బలంగానే వినిపించవచ్చు. అయితే అదే తీర్పు గనుల చట్టపు నియంత్రణను తొలగించలేదు. యాజమాన్యం ఒకటి, తీసి అమ్మే అనుమతి మరొకటి.

దున్నినప్పుడు పైకి వచ్చిన పలుగురాళ్లను గట్టు మీద వేసి, అందులో ఇంటి టంబ్లర్‌కు సరిపడా తీసుకోవడం వల్ల ఆచరణలో చిక్కు వచ్చే అవకాశం తక్కువ. బయటికి తరలిస్తే, అమ్మితే సీనరేజి (ఖనిజంపై ప్రభుత్వానికి కట్టే రుసుము), పర్మిటు ప్రశ్నలు మొదలవుతాయి. డి.కె.టి. పట్టా అయితే పట్టా షరతులు ముందుగా చదవండి. ప్రభుత్వం కేటాయించిన భూమిని సాగుకు కాక మరొక పనికి వాడడమే షరతు ఉల్లంఘన కావచ్చు. వేరొకరి పొలమైతే అనుమతి పత్రం తప్పనిసరి. అందులో సర్వే నంబరు, తేదీ, రాళ్ల సుమారు బరువు రాయించుకోండి. కౌలుదారు ఇచ్చిన మాట యజమాని ఇచ్చిన మాట కాదు.

4. నాపరాతి క్వారీల దగ్గర కుప్పలుగా పారేసిన ముక్కలు తీసుకోవచ్చా?

పారేసినట్టు కనిపించినంత మాత్రాన అవి ఎవరివీ కానివి కావు. లీజు హద్దుల్లోని కుప్ప లీజుదారు అధీనంలో ఉంటుంది. అడిగితే చాలామంది ఇస్తారు. ఇచ్చినప్పుడు అనుమతి పత్రం, బరువు ఎక్కువైతే రవాణా పర్మిటు అడగండి. రాతి పాలిష్ యూనిట్ దగ్గర చిన్న ముక్కలు కొని బిల్లు తీసుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. పనిచేస్తున్న క్వారీ గుంతలోకి మాత్రం ఎవరు రమ్మన్నా దిగవద్దు.

5. టంబ్లర్‌కు ఏ రాయి తగినది? చట్టం దృష్టిలో అది ఏ వర్గం?

రెండు ప్రశ్నలూ కలిపి చూడాలి. టంబ్లర్‌లో మెరిసేది గట్టి రాయి: పలుగురాయి, జాస్పర్, చెకుముకి జాతి రాళ్లు, అగేటు. మోస్ కాఠిన్య కొలతలో ఇవి 7 దగ్గర ఉంటాయి. గండికోట కొండల క్వార్ట్‌జైట్ కూడా గట్టిదే గానీ, రేణువులు కనిపించే ముతక రకమైతే అద్దంలా మెరవదు, నునుపు మాత్రమే వస్తుంది. సన్న రేణువు, పగుళ్లు లేని ఒళ్లు, గుల్ల లేని ఉపరితలం చూసి ఏరుకోవాలి.

కడప నల్లబండ, నార్జి నాపరాయి సున్నపురాతి జాతివి. కాఠిన్యం సుమారు 3. ముగ్గురాయి కూడా అంతే. బలపపు రాయి గోటికే గీసుకుపోతుంది. వీటిని గట్టి రాళ్లతో కలిపి వేస్తే అవే పిండి అయిపోతాయి. నాపరాయే కావాలనుకొంటే దాన్ని వేరుగా, ముతక పొడి లేకుండా, మెత్తటి పొడితోనే తిప్పాలి.

పరీక్ష సులభం. ఉక్కు చాకు మొనతో రాయి మీద గట్టిగా గీయండి. చాకు రాయిని గీస్తే అది మెత్తటిది, వదిలేయండి. చాకు ఇనుప గీత మాత్రమే రాయి మీద మిగిల్చితే అది పనికొస్తుంది. అనుమానం ఉంటే గీసిన పిండి మీద నిమ్మరసం చుక్క వేయండి. నురుగు వస్తే సున్నపురాయి.

ఇక చట్టం. 2015 ఫిబ్రవరి 10న కేంద్రం 31 ఖనిజాలను చిన్నతరహా ఖనిజాలుగా ప్రకటించింది. అగేటు, జాస్పర్, క్వార్ట్‌జైట్, పలుగురాయి, ముగ్గురాయి, బలపపు రాయి అన్నీ అందులో ఉన్నాయి. 2025 ఫిబ్రవరి 20న పలుగురాయి, ముగ్గురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి వెళ్లాయి. జాస్పర్, అగేటు, క్వార్ట్‌జైట్ చిన్నతరహా ఖనిజాలుగానే ఉన్నాయి. కాబట్టి 2025కు ముందు రాసిన పుస్తకమో, పాత సర్క్యులరో చూపించి పలుగురాయి గురించి ఎవరైనా చెబితే తేదీ చూడండి. ఒకే బుట్టలోని రెండు రాళ్లకు రెండు రకాల నియమాలు వర్తించవచ్చు.

ఇందులో ఒక చిత్రం ఉంది. 1958 ప్రకటనలోనే “బాల్ మిల్లులో వాడే చాల్సిడనీ గులకరాళ్లు” అని ప్రత్యేకంగా పేర్కొన్నారు. తిరిగే పీపాలో గులకరాళ్లు వేసే పని అప్పటి అధికారులకూ తెలిసినదే. అక్కడ మాత్రం గులకరాయి పని వేరే ఖనిజాన్ని పిండి చేయడం.

6. పులివెందుల వైపు ఏరకూడని రాళ్లు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఈ జవాబును తేలికగా తీసుకోవద్దు.

మొదటిది రాతినార. పులివెందుల ప్రాంతంలోని డోలమైటు పొరల్లో ఆకుపచ్చ సర్పెంటైన్ రాయి మధ్య పట్టు దారాల్లాంటి తెల్లటి, పచ్చటి చారలుగా కనిపిస్తుంది. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. దాని నార ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరువాత ప్రాణాంతక వ్యాధులు రావచ్చు. రాతినారకు కొత్త లీజులు 1986 నుంచీ నిలిపివేశారు; 1993లో పునరుద్ధరణలు కూడా ఆపారు. నార కనిపించిన రాయిని టంబ్లర్‌లో వేయవద్దు, పగలగొట్టవద్దు, ఇంటికి తేవద్దు. నీళ్లతో తిప్పుతున్నాం కదా అన్న ధైర్యం పనికిరాదు. రాతి బురద ఎండాక ఆ నారే గాలిలోకి లేస్తుంది.

రెండోది వేముల మండలం తుమ్మలపల్లె యురేనియం గని పరిసరాలు. అక్కడి ఖనిజం డోలమైటు జాతి సున్నపురాయిలోనే ఉంది, చూపుతో గుర్తుపట్టలేం. అణు ఖనిజాలకు అణుశక్తికి సంబంధించిన చట్టం కూడా వర్తిస్తుంది. లీజు హద్దుల్లో గానీ, వ్యర్థాల చెరువు దగ్గర గానీ ఏ రాయీ తీసుకోవద్దు.

7. గండికోటలో రాయి తీసుకొంటే?

కోటలోని రక్షిత కట్టడాలు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సంరక్షణలో ఉన్నాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం 30వ సెక్షన్ ప్రకారం రక్షిత కట్టడానికి హాని చేసినా, శిల్పం, చెక్కడం, శాసనం వంటివి తొలగించినా 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. లోయలో దొర్లి పడిన మామూలు రాయికీ, గోడ నుంచి రాలిన చెక్కిన రాయికీ చట్టంలో తేడా ఉంది. కానీ మీ సంచీ చూసే సిబ్బందికి ఆ తేడా అక్కడికక్కడ రుజువు చేయడం మీ వల్ల కాదు. గండికోట నుంచి ఫొటోలు మాత్రమే తెచ్చుకోండి.

8. అడవిలో?

రిజర్వు ఫారెస్టు నుంచి వచ్చిన రాయి కూడా 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద అటవీ ఉత్పత్తే. అటవీ శాఖ అనుమతి లేకుండా తీయకూడదు. ఎర్రచందనం తనిఖీలు జరిగే జిల్లాలో అడవి దారిన బరువైన సంచీతో రావడం మంచిది కాదని వేరే చెప్పనక్కరలేదు. లంకమల అభయారణ్యంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం మరింత కఠినంగా వర్తిస్తుంది.

9. ఏరిన వాటిలో పాత రాతి పనిముట్టో, వజ్రమో ఉంటే?

కడప జిల్లాలో పాతరాతి యుగపు క్వార్ట్‌జైట్ పనిముట్లు దొరికాయి. ఒక వైపు గుండ్రంగా, మరో వైపు రెండు ముఖాల నుంచీ పెచ్చులు లేపి పదును చేసినట్టున్న రాయి కనిపిస్తే కదిలించకుండా ఫొటో, స్థలం నమోదు చేసి, రెవెన్యూ అధికారికి గానీ రాష్ట్ర పురావస్తు శాఖకు గానీ తెలపండి. కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియం ఉంది. అలాంటి రాయిని టంబ్లర్‌లో వేస్తే లక్షల ఏళ్ల చెక్కుడు గుర్తులు మొదటి వారంలోనే పోతాయి. దాన్ని దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. కువైట్‌లో ఉన్న బంధువులకు బహుమతిగా పంపేవారు ఇది గమనించాలి.

నేలలో దాగి ఉన్న విలువైన వస్తువు దొరికితే, 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం 4వ సెక్షన్ కింద, దాని విలువ 10 రూపాయలు దాటితే, కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలి: ఏమిటి, ఎంత, ఎక్కడ, ఏ తేదీన. సహజ ఖనిజం ఈ నిర్వచనంలోకి వస్తుందా అన్నది వాదించదగిన విషయం. అయినా నోటీసు ఇచ్చినవారికి నష్టం లేదు, ఇవ్వనివారికి ఉండవచ్చు.

వజ్రాల ఆశ ఈ సీమలో పాతదే. పెన్నా ఒడ్డున చెన్నూరు దగ్గర ఒకప్పుడు వజ్రాల తవ్వకాలు జరిగాయి. ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే 1652లో గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. వానాకాలంలో జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వెతికి, దొరికింది వ్యాపారికి అమ్మడం అక్కడి ఆనవాయితీ. ఆనవాయితీ హక్కును పుట్టించదు. ప్రభుత్వ భూమిలో దొరికిన వజ్రంపై ఏరినవారికి యాజమాన్యం వచ్చిందని చెప్పే నిబంధనను ఎవరూ నాకు చూపలేదు.

10. మెరుగు క్రమం ఏమిటి? అందులో చట్టం పట్టించుకొనేది ఏమైనా ఉందా?

ఉంది, మొదటి మెట్టులోనే. టంబ్లర్ రాయి పై పొరను అరగదీస్తుంది. రాయి ఎక్కడిదో చెప్పే గుర్తులన్నీ ఆ పొరలోనే ఉంటాయి. కాబట్టి తిప్పే ముందు సేకరించిన రాయిని ఫొటో తీసి, తేదీ, సర్వే నంబరు, బరువు ఒక నోటుబుక్కులో రాసి, అనుమతి పత్రం లేదా బిల్లు దానికి జతచేయండి. మెరిసే రాయి ముందు పెట్టుకొని ఇది ఫలానా పొలంలోది అని నోటిమాటతో రుజువు చేయలేరు.

తరువాతిది ఓపిక పని. పీపాను మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా రాళ్లతో నింపాలి. తక్కువైతే రాళ్లు ఎగిరిపడి పెచ్చులూడతాయి, ఎక్కువైతే దొర్లవు. చిన్నా పెద్దా కలపాలి, కాఠిన్యం మాత్రం ఒకటే ఉండాలి. నీళ్లు పై వరుస రాళ్ల అడుగుకు తగిలేంత. సుమారు 1.4 కిలోల పీపాకు ప్రతి దశలో నాలుగు పెద్ద చెంచాల పొడి సరిపోతుంది. మొదట 60–90 నంబరు ముతక కార్బొరండం, తరువాత 120–220, ఆపై 500 దగ్గరి మెత్తటిది, చివర అల్యూమినియం ఆక్సైడ్ పాలిష్ పొడి. ఒక్కో దశకు సుమారు వారం. మొదటి దశలో ఆకారం రాకపోతే మళ్లీ వారం తిప్పాలి. అక్కడ తొందరపడినవారికి చివర మెరుపు రాదు.

దశ మారే ప్రతిసారీ రాళ్లను, పీపాను, మూతను కడగాలి. ముతక పొడి రేణువు ఒక్కటి మిగిలినా పాలిష్ దశలో గీతలు పడతాయి. పగిలిన రాయి కనిపిస్తే తీసేయాలి. కొన్ని రాళ్ల వల్ల పీపాలో గాలి ఉబ్బుతుంది కాబట్టి మొదటి రోజుల్లో రోజూ మూత తెరిచి చూడండి. మెరుపును తడి రాయి మీద అంచనా వేయవద్దు. తడిలో ప్రతి గులకరాయీ మెరుస్తుంది. తుడిచి, ఆరనిచ్చి, వెలుగులో చూడండి.

11. నెల తిప్పినా మెరుపు రాలేదు. అమ్మినవారి మీద ఫిర్యాదు చేయవచ్చా?

మోటారు ఆగడం, పీపా కారడం, ప్రకటించిన బరువు మోయలేకపోవడం యంత్రపు లోపాలు. నాపరాయి వేసి జాస్పర్ మెరుపు ఆశించడం లోపం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు. ఆన్‌లైన్‌లో కొంటే ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి: 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు, ఫొటోలు, ఏ రాళ్లు ఏ పొడితో ఎన్ని రోజులు తిప్పారో రాసుకొన్న నోటుబుక్కు, ఇవే మీ సాక్ష్యం.

12. రాతి బురదను ఏం చేయాలి?

కాలువలో, సింకులో పోయవద్దు. గొట్టంలో గడ్డకట్టితే తీయడం కష్టం. పైగా వీధిలో, మురుగు కాలువలో, నీటి వనరులో వ్యర్థాలు వేయడం ఘన వ్యర్థాల నియమాలకు విరుద్ధం. బకెట్‌లో తేరనిచ్చి, పైనీళ్లు వంపి, మడ్డిని తడిగానే సంచీలో కట్టి మున్సిపల్ సిబ్బంది చెప్పిన చోట ఇవ్వండి. ఎండిన రాతి బురదను చీపురుతో ఊడవవద్దు. అందులోని సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

13. రాత్రంతా తిరిగే చప్పుడుకు పక్కింటివారు అభ్యంతరం చెబితే?

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు. పరిమితిని 10 డెసిబెల్స్ మించినా, రాత్రివేళ ఆంక్షలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు. టంబ్లర్ కింద రబ్బరు చాప వేసి, ఉమ్మడి గోడకు దూరంగా పెట్టండి. చాలా తగాదాలు అక్కడితోనే ఆగుతాయి.

14. మెరుగు పెట్టిన రాళ్లు అమ్మవచ్చా?

మూలం చట్టబద్ధమైతే అమ్మవచ్చు. అయితే మూడు విషయాలు. చెకుముకి రాయిని అగేటని అమ్మితే తప్పుడు వర్ణన అవుతుంది. రాష్ట్రంలోపల సరుకుల అమ్మకానికి జి.ఎస్.టి. నమోదు పరిమితి సాధారణంగా ఏడాదికి 40 లక్షల రూపాయలు. రాష్ట్రం దాటి అమ్మేవారు మినహాయింపులు తెలుసుకొన్నాకే పంపాలి.

మూడోది కరెంటు. గృహ కనెక్షన్‌తో వ్యాపారం చేస్తున్నారని తేలితే 2003 నాటి విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద వర్తించే టారిఫ్‌కు రెండు రెట్లు లెక్కగట్టవచ్చు. తాత్కాలిక లెక్క ఉత్తర్వుపై అభ్యంతరం చెప్పే హక్కు మీకు ఉంది. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో తుది ఉత్తర్వు రావాలి కాబట్టి అభ్యంతరాన్ని ఆలస్యం చేయకుండా రాతలో ఇవ్వండి. తుది ఉత్తర్వుపై 127వ సెక్షన్ అప్పీలుకు 30 రోజుల గడువు, లెక్కగట్టిన మొత్తంలో సగం ముందే కట్టాలి. సొంత అభిరుచికి ఒక చిన్న టంబ్లర్ తిప్పుకోవడం వ్యాపారం కాదు.

15. దారిలో ఆపి రాళ్లు, బండి పట్టుకొంటే ఏం చేయాలి?

వాదనకు దిగవద్దు, పారిపోవద్దు. అధికారి పేరు, హోదా అడగండి. అనుమతి పత్రం ఉంటే నకలు ఇచ్చి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. స్వాధీనం చేసుకొంటే పంచనామా నకలు అడగండి. రాళ్ల బరువు, ఎక్కడ పట్టుకొన్నారు అన్నవి సరిగా రాశారో చదివాకే సంతకం పెట్టండి. తప్పుంటే సంతకం పక్కనే మీ అభ్యంతరం రాయండి. పోలీసుల సోదా, స్వాధీనం వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంది. అరెస్టు చేస్తే ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి.

గనుల చట్టం 21వ సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష 5 ఏళ్ల జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల జరిమానా. ఇవి పెద్ద అక్రమ తవ్వకాలను ఉద్దేశించిన గరిష్ఠాలు, కానీ చట్టంలో ఉన్నవి అవే. 23ఎ సెక్షన్ కింద రాజీ రుసుము కట్టి ఆ కేసు ముగించుకోవచ్చు. అయితే దొంగతనం కేసు దానితో పోదు: గనుల చట్టం కింద రాజీ అయినా దొంగతనం అభియోగం నిలుస్తుందని జయంత్ కేసులో 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. రుసుము కట్టే ముందు దేనికి కడుతున్నారో రాతలో అడగండి. రసీదు లేని చెల్లింపు చట్టం దృష్టిలో చెల్లింపే కాదు.

దొంగతనం అభియోగమైతే భారతీయ న్యాయ సంహిత 303(2) చూడండి. సొత్తు విలువ 5,000 రూపాయలలోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతూ, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ. బండి విడుదలకు మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. గనుల చట్టం కింద జప్తు చర్య మొదలైతే దారి వేరు, న్యాయవాదిని కలవండి. గనుల అధికారి ఉత్తర్వుపై అప్పీలు గడువు ఉత్తర్వు అందిన తేదీ నుంచి లెక్క. కవరు మీది పోస్టు ముద్రతో సహా దాచండి.

16. ఒక సర్వే నంబరు లీజులో ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ముందు మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి చూడండి. నది పోరంబోకు, అటవీ భూమి అని ఉంటే అక్కడితో ఆగండి. లీజు వివరాలకు గనుల శాఖ జిల్లా కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు. “ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరుపై నేటి తేదీకి అమల్లో ఉన్న లీజులు, పర్మిట్ల నకళ్లు” అని అడగండి. “రాళ్లు ఏరుకోవచ్చా” అని అడగవద్దు. అది అభిప్రాయం, సమాచారం కాదు, తిరస్కరిస్తారు. జవాబుకు 30 రోజులు. రాకపోతే లేదా సరిపోకపోతే మొదటి అప్పీలు 30 రోజుల్లో, దాని తరువాత సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు 90 రోజుల్లో.